రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌కి 8 అడుగుల అక్వేరియం – గాజు ఎంత మందం ఉండాలి?

కొబ్బరితోట, రాజోలు – మార్చి 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. పోయిన ఏడాది సంక్రాంతికి మా అమ్మాయి అడిగిందని ఒక రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్లను కొన్నాను. అప్పుడు 3 అంగుళాలు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మిరపపండు రంగు తోక, పొడుగాటి మీసాలు. చూడగానే ముచ్చటేసింది. తొట్టి ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుందని షాపతను చెప్పాడు. నమ్మాను.

ఇప్పుడు 14 నెలలు. మొన్న కొలిస్తే 18 అంగుళాలు. తొట్టి 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. వెనక్కి తిరగాలంటే తోక గాజుకు తగిలి చివర పుండు పడింది. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

కొత్త ఇంట్లో హాలు పెద్దది. 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తుతో తొట్టి చేయిద్దామనుకుంటున్నాను. గాజు ఎన్ని ఎంఎం వేయాలి? స్టాండ్ ఇనుముదా, సిమెంటుదా? ఫిల్టర్ ఏది పెట్టాలి? డబ్బు విషయంలో వెనకాడను. ఒక్కసారే సరిగ్గా చేయాలని ఉంది.

భీమవరం_ఏరేటర్ – మార్చి 6, రాత్రి 10:25

గాజు మందం తర్వాత మాట్లాడుకుందాం గురువు గారూ. ముందు చేప గురించి.

తొట్టిని బట్టి చేప ఆగిపోతుందన్నది అబద్ధం. ఇరుకులో మురికినీళ్ళ వల్ల ఎదుగుదల కుంటుపడుతుంది. వెన్ను వంకరపోతుంది, లోపలి అవయవాలు దెబ్బతింటాయి, ఆయుష్షు తగ్గుతుంది. దాన్ని సర్దుకుపోవడం అనకూడదు.

రెడ్‌టెయిల్ అమెజాన్, ఒరినోకో నదుల చేప. అక్కడ 4 అడుగులు దాటుతుంది, 40 కిలోలు పైన తూగినవి పట్టారు. ఇళ్ళలో బాగా చూసుకుంటే 3 అడుగులు మామూలుగా వస్తుంది. 15 ఏళ్ళు, ఇంకా ఎక్కువ కూడా బతుకుతుంది. మీ అమ్మాయి చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయ్యేదాకా ఇది మీ ఇంట్లోనే ఉంటుందని లెక్క వేసుకోండి.

మీరు చెప్పిన తొట్టి వెడల్పు 3 అడుగులు. చేప కూడా 3 అడుగులు. కట్టెలాగా అటూ ఇటూ ఆనుతుంది. ఇది అడుగున తిరిగే చేప కాబట్టి ఎత్తు పెంచినా దానికి ఒరిగేదేమీ లేదు. పొడవు, వెడల్పు కావాలి. మీ 8 అడుగుల తొట్టి మహా అయితే ఇంకో ఏడాదిన్నర. ఆ తర్వాత మళ్ళీ ఇదే పోస్టు రాస్తారు.

ఇసుకమేట, అమలాపురం – మార్చి 7, ఉదయం 6:50

నేను సివిల్ పని చేస్తాను. బరువు సంగతి చెబుతాను.

8 × 3 × 2.5 అంటే 60 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు 28 లీటర్ల పైచిలుకు, కాబట్టి 1,700 లీటర్లు, అంటే 1,700 కిలోల నీళ్ళు. 19 ఎంఎం గాజు వేస్తే గాజే 350 కిలోలు. స్టాండు, ఇసుక, ఫిల్టరు కలిపితే 2 టన్నుల పైమాటే. ఇదంతా 24 చదరపుటడుగుల మీద కూర్చుంటుంది. చదరపు మీటరుకు 900 కిలోలు దాటుతుంది. ఇళ్ళ శ్లాబుకు మనం లెక్క కట్టే లైవ్ లోడు, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకు 200 కిలోలు. మీ హాలు మేడ మీదైతే ఆ ఆలోచన ఈ రాత్రికే మానుకోండి.

కింద హాలైనా నిశ్చింత లేదు. మన వైపు పునాదిలో బొండు ఇసుక పోసి, నీళ్ళు పెట్టి, పైన టైల్స్ వేసేస్తాం. కింద నల్లమట్టి వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో పగుళ్ళిస్తుంది. బీరువా పెట్టిన చోట టైల్ కుంగిన ఇళ్ళు నేను బోలెడు చూశాను. బీరువా అర అంగుళం కుంగితే తలుపు పట్టేస్తుంది, అంతే. అక్వేరియంలో ఒక మూల అర అంగుళం కుంగితే గాజు మెలితిరిగి సిలికాన్ జాయింటు విడిపోతుంది. అర్ధరాత్రి 1,700 లీటర్లు హాల్లోకి వస్తాయి.

కొబ్బరితోట – మార్చి 7, మధ్యాహ్నం 1:15

చదివాక భోజనం సహించలేదండి. హాలు కిందే, కానీ మీరు చెప్పినట్టు బొండు ఇసుక పూడికే.

ఇంకో మాట అడుగుతాను, కోప్పడకండి. మా బంధువు ఒకాయన దీన్ని వశిష్ఠ గోదావరిలో వదిలేయమంటున్నాడు. ‘నదిలో పుట్టిన చేప నదిలోకే పోతుంది, పుణ్యం వస్తుంది’ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. అయినా దానికి అదే మేలేమో అని కూడా అనిపిస్తోంది.

వలకట్టు, నరసాపురం – మార్చి 7, సాయంత్రం 4:30

వద్దండి. దయచేసి ఆ పని చేయొద్దు.

మాది వేట మీద బతికే ఇల్లు. వలలో ఇప్పుడు దెయ్యం చేప పడుతోంది. ఒళ్ళంతా గరుకు, ముళ్ళు. అక్వేరియంలో గాజుకు పట్టిన నాచు తింటుందని అమ్మే సక్కర్ ఫిష్ అదే. ఎవరో ఒకరు పెద్దదైపోయిందని కాలువలో వదిలారు. ఇంకొకరు చెరువులో వదిలారు. ఇప్పుడు చెరువు పట్టుబడి పెడితే శీలావతి, బొచ్చెలతో పాటు ఇవీ వస్తున్నాయి. కొనేవాడు లేడు. వల నుంచి విడదీయాలంటే వల చిరుగుతుంది, చేతులు చీరుకుపోతాయి. ఒక వల బాగు చేసుకోవడానికి మా అమ్మ రెండు రోజులు కూర్చుంటుంది.

అది నాచు తినే చేప. మీది నోట్లో పట్టినదల్లా మింగేది. వాలుగ ఎంత తింటుందో మాకు తెలుసు, కానీ అది ఇక్కడిది, దానికి ఇక్కడ ఒక లెక్క ఉంది. మీ చేపకు లేదు.

భీమవరం_ఏరేటర్ – మార్చి 7, సాయంత్రం 5:10

వలకట్టు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మన నీళ్ళు వెచ్చగా ఉంటాయి కాబట్టి రెడ్‌టెయిల్ ఇక్కడ బతకగలదు. బతకదులే అని ధైర్యం చెప్పుకునే వీలు లేదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని దేశంలో నిషేధించింది ఇందుకే. గట్టు తెగి, వరదొచ్చి బయటపడితే మన మట్టగిడస, ఇంగిలాయి పిల్లలు మిగలవు.

పుణ్యం కోసమైతే కొన్నవారే చివరిదాకా చూసుకోవాలి. గట్టిగా అంటున్నాను, ఏమీ అనుకోవద్దు.

పూమీను_ఇంట్లో, మండపేట – మార్చి 7, రాత్రి 8:05

అన్నయ్యా, మీ బాధ అర్థమైంది. మీరు ఈ చేపను వదులుకోరని కూడా అర్థమైంది. అయినా ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఒక మాట. హాల్లో గాజు తొట్టిలోనే వేటాడే చేప కావాలనుకుంటే మన నీళ్ళలోనే ఉన్నాయి.

నా దగ్గర పూమీను ఉంది. కొర్రమీనుకు దగ్గరి చుట్టం. నాలుగేళ్ళయింది, ఇప్పుడు రెండడుగులు. 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు తొట్టిలో ఒక్కటే ఉంటుంది. చిన్నప్పుడు తోక మొదట్లో నారింజ వలయంతో నల్లటి కన్నులాంటి మచ్చ ఉండేది. గంటసేపు కొయ్యలా కదలకుండా ఉంటుంది. రొయ్య వేస్తే కంటికి కనపడనంత వేగంగా అందుకుంటుంది. ఆ నిదానం, ఆ విసురు చూడ్డానికే నేను రోజూ అరగంట దాని ముందు కూర్చుంటాను. ఇది కూడా మీటరు దాకా పెరిగే చేపే కాబట్టి పెరట్లో తొట్టికి ఇప్పటి నుంచే డబ్బు దాస్తున్నాను.

కొర్రమీను జాతికి రెండు జాగ్రత్తలు. ఇవి పైకొచ్చి గాలి పీల్చే చేపలు. నీళ్ళు అంచుదాకా నింపి మూత బిగించేస్తే చేప నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. కనీసం నాలుగైదు అంగుళాల ఖాళీ వదలాలి. రెండోది, ఎగురుతుంది. నేను మూత మీద రెండు ఇటుకలు పెడతాను. మొదటి నెలలో ఒక రాత్రి చప్పుడైతే లేచి చూశాను, వంటగది గడప దగ్గర ఉంది. పైన గాలి పీలుస్తుంది కాబట్టి బతికింది.

పండుగప్పను కూడా పెంచేవాళ్ళున్నారు. సముద్రపు మొగల దగ్గర పుట్టి, పిల్లప్పుడు ఏటి నీళ్ళలోకి ఎక్కే చేప. అందుకని మంచినీళ్ళలో పెరుగుతుంది. మొదట మగది, వయసొచ్చాక ఆడదవుతుంది. వెలుగు పడితే కళ్ళు మెరుస్తాయి. కానీ అది ఈదుతూనే ఉండే చేప, 6 అడుగుల తొట్టి దానికి చాలదు.

తొట్టిపని, ఉప్పాడ రోడ్డు – మార్చి 8, ఉదయం 5:35

రొయ్య హేచరీల్లో 20 ఏళ్ళు తొట్ల దగ్గర పనిచేశాను. కొబ్బరితోట గారూ, మీకు పెరడు ఉందా? రాజోలు వైపు ఇల్లంటే ఉండే ఉంటుంది. గాజు తొట్టి మాట వదిలేయండి. సిమెంటు తొట్టి కట్టండి, ముందువైపు మాత్రం గాజు కిటికీ పెట్టండి. హాల్లో కూర్చుని చూసే బదులు వరండాలో కుర్చీ వేసుకుని చూస్తారు.

లోపలి కొలత 14 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, నీళ్ళు రెండున్నర అడుగులు. 245 ఘనపుటడుగులు, సుమారు 6,900 లీటర్లు. మూడున్నర అడుగుల చేప కూడా ఒంటిని వంచకుండా తిరుగుతుంది. అడుగు ఒకవైపు వాలుగా ఉండాలి. ఆ మూల డ్రెయిన్ పెట్టి, రెండంగుళాల పీవీసీ పైపు నిలబెట్టండి. పైపు లాగితే మురికి ముందు పోతుంది. మూలలు గుండ్రంగా తిప్పించండి. 90 డిగ్రీల మూలల్లో మురికి చేరుతుంది, పెద్ద చేప ముక్కు రాసుకుంటుంది.

ఫిల్టరుకు వేలు పోసి డబ్బాలు కొనొద్దు. 200 లీటర్ల నీలం డ్రమ్ములు మూడు తీసుకోండి. మందులు, రసాయనాలు ఉన్న డ్రమ్ములు వద్దు, తిండి సరుకు వచ్చినవి చూడండి. మొదటి డ్రమ్ములో ముతక స్పాంజీలు, మురికి అక్కడే ఆగాలి. రెండు, మూడు డ్రమ్ముల్లో బాక్టీరియా పట్టే ప్లాస్టిక్ మీడియా వేసి, కింద నుంచి గాలి ఇవ్వండి. మోటార్లు ఒకటి పెద్దది కాకుండా గంటకు 8,000 లీటర్లు తోడేవి రెండు. ఒకటి చెడినా రెండోది తిరుగుతుంటుంది.

అడుగున గులకరాళ్ళు మాత్రం వద్దు. ఈ చేప గులకరాళ్ళు, థర్మామీటరు, రబ్బరు మూత ఏది దొరికితే అది మింగుతుంది. కడిగిన గోదావరి ఇసుక పల్చగా వేయండి, లేదా ఏమీ వేయకండి. సముద్రం వైపు ఇసుకైతే అందులో గవ్వల పొడి ఉంటుంది. గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోయండి. నురగ వస్తే ఆ ఇసుక తేవద్దు, పీహెచ్ పెంచుతుంది.

కొబ్బరితోట – మార్చి 8, ఉదయం 8:20

పెరడు ఉందండి. వరండా పక్కనే 20 అడుగుల ఖాళీ. అక్కడ రెండు అరటి పిలకలు తప్ప ఏమీ లేవు. నాకు ఈ ఆలోచనే రాలేదు. మా అమ్మాయి ఇప్పుడే కాగితం మీద బొమ్మ గీస్తోంది.

ఇటుక గోడ సరిపోతుందా? మా మేస్త్రి 9 అంగుళాల ఇటుక చాలంటున్నాడు.

ఇసుకమేట – మార్చి 8, ఉదయం 10:45

చాలదు. రెండున్నర అడుగుల నీళ్ళు 14 అడుగుల గోడను ఎంత బలంతో నెడతాయో లెక్క చెబుతాను. సుమారు 1,200 కిలోలు. రాత్రింబవళ్ళు, ఏళ్ళ తరబడి. ఇటుక తొట్లు నిలబడినవి ఉన్నాయి, నిలువునా చీలినవీ ఉన్నాయి. కిటికీ కోసం గోడలో ఖాళీ వదులుతున్నారు కాబట్టి ఇటుక అసలు వద్దు. కింద రాఫ్టు (తొట్టి కింద మొత్తం పరిచే కాంక్రీటు పలక), పైన గోడలు, రెండూ ఊచలు వేసిన కాంక్రీటుతో ఒకే కట్టుగా రావాలి. అప్పుడు నేల కుంగినా తొట్టి మొత్తం ఒకేలా కుంగుతుంది, చీలదు. ఊచల లెక్క మీ ఊళ్ళో ఇంజినీరు చేత గీయించండి. నేల చూడకుండా నేను ఇక్కడ చెప్పడం తప్పు.

గాజు గురించి మూడు మాటలు. టఫెన్డ్ గాజు ఒక్క పలక వాడొద్దు, పగిలితే మొత్తం ఒక్కసారే రాలిపోతుంది. 12 ఎంఎం పలకలు రెండు అతికించిన లామినేటెడ్ గాజు తీసుకోండి, ఒకటి చిట్లినా రెండోది ఆపుతుంది. గాజును లోపలివైపు నుంచి కూర్చోబెట్టాలి, అప్పుడు నీళ్ళే దాన్ని చట్రానికి అదుముతాయి. బయట నుంచి పెడితే నీళ్ళు దాన్ని ఊడదీస్తాయి. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ క్యూర్ అని అడిగి కొనండి. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ సిమెంటును సరిగ్గా పట్టుకోదు.

లంకగట్టు, యలమంచిలి మండలం – మార్చి 8, మధ్యాహ్నం 2:00

నీళ్ళు ఎక్కడివి వాడతారు? మా ఇంట్లో చేపలకు కాలువ నీళ్ళే వాడతాను, ఎప్పుడూ ఏమీ కాలేదు. బోరు నీళ్ళు ఉప్పు.

భీమవరం_ఏరేటర్ – మార్చి 8, మధ్యాహ్నం 2:40

లంకగట్టు గారూ, నేను ఒప్పుకోను. కాలువ నీళ్ళతో మూడు చిక్కులు. సార్వా, దాళ్వా చేలకు మందులు కొట్టే రోజుల్లో మురుగు ఎక్కడ కలుస్తుందో మనకు తెలియదు. చేప పేను గుడ్లు వస్తాయి. ఇవి రెండూ తప్పినా వేసవిలో కాలువలు కట్టేస్తారు, సరిగ్గా నీళ్ళు ఎక్కువ మార్చాల్సిన రోజుల్లోనే.

లంకగట్టు – మార్చి 8, మధ్యాహ్నం 3:05

నావి మన చేపలు, మట్టగిడసలు. అవి కాలువలోంచి వచ్చినవే, అందుకే తట్టుకున్నాయేమో. కాలువ కట్టేసే మాట మాత్రం నిజం. పోయిన వేసవిలో ట్రాక్టర్ ట్యాంకరుకు డబ్బు పోశాను.

భీమవరం_ఏరేటర్ – మార్చి 8, మధ్యాహ్నం 3:50

కొబ్బరితోట గారూ, ముందు మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. ఆక్వా ల్యాబులు మన జిల్లాల్లో ఊరికొకటి ఉన్నాయి. ఉప్పదనం, పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం), ఐరన్ చూడమనండి. ఐరన్ ఉంటే ఒకరోజు గాలి కొట్టి నిలవ ఉంచితే కిందికి దిగుతుంది. పంచాయతీ కుళాయి నీళ్ళైతే క్లోరిన్ పోవడానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) వేయండి.

అసలు విషయం అమ్మోనియా. రొయ్యల చెరువు చేసినవారెవరికైనా ఇది తెలిసిందే. మాంసం తినే పెద్ద చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకోటి నైట్రేట్‌గా మారుస్తాయి. అవి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో మొదటి రోజే చేపను వేస్తే తన విషంలో తానే ఉంటుంది. మీకున్న లాభం ఏమిటంటే పాత తొట్టి ఫిల్టరు. ఆ స్పాంజీని కుళాయి కింద కడక్కుండా అలాగే తెచ్చి రెండో డ్రమ్ములో పడేయండి. మీకు సగం కాలం కలిసొస్తుంది.

పీహెచ్‌ను తేలిగ్గా తీసుకోకండి. నీళ్ళు 30 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7 అయితే అమ్మోనియాలో 1 శాతం కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8 అయితే 7 శాతం దాటుతుంది. కిట్‌లో అదే రంగు కనిపిస్తుంది, చేపకు మాత్రం సుమారు తొమ్మిది రెట్ల తేడా. ఆల్కలినిటీ కూడా పడిపోనివ్వకూడదు, 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ తినడానికి బాక్టీరియా 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ వాడుకుంటుంది. తగ్గితే తినే సోడా కలిపి సరిచేయొచ్చు.

వారానికి 2,000 లీటర్లు మార్చాలి. ఆ నీళ్ళను మురుక్కాలువలోకి పోనివ్వకండి. నైట్రేట్ ఉన్న నీళ్ళు, మీ కొబ్బరి పాదులకు పెట్టండి.

పూమీను_ఇంట్లో – మార్చి 8, సాయంత్రం 6:30

అన్నయ్యా, తిండి ఏం పెడుతున్నారు?

కొబ్బరితోట – మార్చి 8, సాయంత్రం 7:00

రోజూ చికెన్ స్కిన్, లివర్ అమ్మా. కోళ్ళ షాపు మా పక్కనే. అప్పుడప్పుడు బతికిన గోల్డ్‌ఫిష్.

పూమీను_ఇంట్లో – మార్చి 8, సాయంత్రం 7:20

రెండూ ఆపేయండి అన్నయ్యా. కోడి కొవ్వు చేప ఒంట్లో సరిగ్గా అరగదు, కాలేయానికి పట్టేస్తుంది. గోల్డ్‌ఫిష్‌లో థయామినేజ్ ఉంటుంది, అది విటమిన్ బి1ను పాడుచేస్తుంది. పైగా షాపు తొట్టిలోని రోగాలన్నీ దానితో పాటు మీ ఇంటికొస్తాయి. పెంకుతో సహా వెనామీ రొయ్య, గొరక ముక్కలు, మాంసం తినే చేపల కోసం చేసే మునిగే పెల్లెట్ మార్చి మార్చి పెట్టండి. రోజూ అవసరం లేదు, ఈ సైజుకు వారానికి మూడుసార్లు చాలు. రెండడుగులు దాటాక రెండుసార్లు. అది మీసాలు ఆడిస్తూ మీ వైపు చూస్తే ఆకలని అనుకుంటాం, అది దాని అలవాటు.

తోక పుండుకు ఉప్పు, మందు ఎడాపెడా వేయకండి. పొలుసు లేని చేపకు మందులు తొందరగా ఎక్కుతాయి. రోజు విడిచి రోజు పావువంతు నీళ్ళు మార్చండి, చాలావరకు మానుతుంది.

ఇసుకమేట – మార్చి 8, రాత్రి 9:15

రెండు విషయాలు మర్చిపోయాం. ఒకటి కరెంటు. తొట్టికి వేరే లైను లాగి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) పెట్టించండి. తడి చేతులతో పనిచేసే చోటు, ఇంట్లో పిల్ల ఉంది. ప్లగ్గుకు వెళ్ళే ప్రతి వైరూ ముందు కిందికి జారి, మళ్ళీ పైకెక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోదు.

రెండోది వరద. 2022 జూలైలో లంకల్లో ఇళ్ళలోకి ఎంత నీళ్ళు వచ్చాయో అందరం చూశాం. మీ పెరడు ఏటిగట్టుకు లోపలున్నా, తొట్టి అంచు నేల నుంచి 4 అడుగులైనా పైకి ఉంచండి, పైన ఇనుప చట్రం వల బిగించండి. తొట్టి మునిగితే చేప వశిష్ఠలోకే పోతుంది. అప్పుడు వలకట్టు గారు చెప్పిందంతా జరుగుతుంది.

కొబ్బరితోట – మే 19, రాత్రి 8:30

ఇన్నాళ్ళూ రాయనందుకు క్షమించండి. తొట్టి లేచింది. రాఫ్టు, గోడలు మీరన్నట్టే ఒకే కట్టు. నేల మీద అడుగున్నర దిమ్మ, ఆపైన తొట్టి. ముందువైపు 6 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు కిటికీ.

మొదటిసారి నింపితే గాజు కింది మూల నుంచి చెమట పట్టినట్టు నీరు ఊరింది. గాజు పనివాడు మామూలు సిలికానే వాడాడు. నేను దగ్గర లేని పూట చేశాడు. మొత్తం గీకించి, గచ్చు ఆరబెట్టి, న్యూట్రల్‌ది వేయించి వారం రోజులు ముట్టుకోలేదు. ఇప్పుడు చుక్క లేదు.

కానీ పీహెచ్ 10 చూపిస్తోంది. టెన్షన్‌గా ఉంది. చేప పాత తొట్టిలో ఇప్పుడు 20 అంగుళాలు.

తొట్టిపని – మే 20, ఉదయం 5:20

కొత్త సిమెంటులో సున్నం ఊరుతుంది, అందుకే. తొందరపడి చేపను వేయకండి. అరటి బోదెలు నరికి, ముక్కలు చేసి తొట్టి నిండా వేయండి. నాలుగైదు రోజులు కుళ్ళనిచ్చి, మొత్తం తోడేసి, గోడలు బ్రష్షుతో రుద్ది మళ్ళీ నింపండి. ఇలా రెండు మూడు విడతలు. రంగు చేపల సిమెంటు తొట్లకు పాతకాలం నుంచి చేసే పని ఇదే. చివరి విడతలో మంచినీళ్ళు నింపి మూడు రోజుల తర్వాత కూడా పీహెచ్ 8 దాటకపోతే అప్పుడు మోటార్లు వేయండి. అక్కడి నుంచి అమ్మోనియా లెక్క మొదలు.

కొబ్బరితోట – ఆగస్టు 11, రాత్రి 9:05

జూలై 6న మార్చాం. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా పది రోజులు సున్నా వచ్చాక.

వల వాడలేదు. దాని రెక్క ముల్లు వలలో చిక్కుకుంటే విరుగుతుందని వలకట్టు గారు ఫోన్లో చెప్పారు. పాత తొట్టి నీళ్ళు సగం తీసేసి, పెద్ద ప్లాస్టిక్ టబ్బును నీళ్ళలోనే వంచి, చేపను అందులోకి తోలి, తడి గోనె కప్పి నలుగురం మోశాం. ఎత్తినప్పుడు అది కప్పలా గొర్రుమని శబ్దం చేసింది. మా అమ్మాయి భయపడి ఏడ్చింది. గంటన్నర సేపు కొత్త నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతూ టబ్బులోనే ఉంచి, ఆ తర్వాత వదిలాం.

తొమ్మిది రోజులు ఏమీ తినలేదు. డ్రెయిన్ మూలలో పడుకుని కదల్లేదు. రోజూ రాత్రి టార్చి వేసి చూసేవాడిని. ఏరేటర్ గారు వెలుగు తగ్గించమన్నారు. కిటికీకి ఎదురుగా ఉన్న లైటు తీసేసి, రెండడుగుల సిమెంటు గొట్టం అడ్డంగా పెట్టాను. పదో రోజు రాత్రి గొట్టంలోంచి బయటికి వచ్చింది, తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగింది. నాలుగు రొయ్యలు వేస్తే నాలుగూ తీసుకుంది.

మొన్న గాలివానకు 11 గంటలు కరెంటు లేదు. ఒక మోటారు ఇన్వర్టర్ మీద నడిచింది, బ్యాటరీ అయిపోయాక రొయ్యల చెరువు వాళ్ళ దగ్గర ఆక్సిజన్ సిలిండర్ తెచ్చాను. ఏమీ కాలేదు.

తోక పుండు మానింది. ఇప్పుడు 22 అంగుళాలు. తీసిన నీళ్ళు పెట్టే అరటి గెలలు మాత్రం మా ఆవిడ అందరికీ చూపిస్తోంది.

వలకట్టు – ఆగస్టు 11, రాత్రి 9:50

చాలా సంతోషం బాబాయ్. మా అమ్మకు చదివి వినిపించాను.

గట్టుమీద_కొత్త, తణుకు – ఆగస్టు 12, ఉదయం 7:40

ఈ చర్చంతా నిన్న రాత్రి కూర్చుని చదివాను. నా దగ్గర కూడా రెడ్‌టెయిల్ ఉందండి, 5 అంగుళాలు, 3 అడుగుల తొట్టి. మాది అపార్టుమెంటు, మూడో అంతస్తు. పెరడు లేదు. నేనేం చేయాలి?

కొబ్బరితోట – ఆగస్టు 12, ఉదయం 8:15

తమ్ముడూ, 5 అంగుళాలప్పుడే అడిగావు, నాకన్నా ఏడాది ముందున్నావు. మూడో అంతస్తులో దానికి దారి లేదు. మీ ఊరి వైపు పొలం, పెరడు ఉన్న బంధువులెవరైనా తొట్టి కట్టడానికి ఒప్పుకుంటారేమో ఈ వారం అడుగు. ఎవరూ లేకపోతే నాకు చెప్పు. నా తొట్టిలో రెండింటికి చోటు లేదు, ఉందని నీకు అబద్ధం చెప్పను. కానీ ఏరేటర్ గారికి భీమవరంలో పెద్ద సిమెంటు తొట్లు ఉన్నవాళ్ళు తెలుసు, ఇద్దరం కలిసి అడుగుదాం. ఈలోగా చికెన్ పెట్టకు, వారానికి మూడుసార్లు నీళ్ళు మార్చు. ఆదివారం వీలైతే రాజోలు రా. తొట్టి చూద్దువు గాని, కొలతలు రాసుకోవడానికి టేపు తెచ్చుకో.